పడవల గ్రహం నాది

నవంబర్ 5, కార్తీక పౌర్ణమి

ఇది నా కేసు. కోర్టుకు కాదు. కోర్టుతో నాకు పనిలేదు. నేను మహాలక్ష్మమ్మను. పోయిన శ్యామసుందరరావు గారి భార్యను. బరంపురం లంజిపల్లిలో కొడుకు నాగేంద్రప్రసాద్ ఇంట్లో ఉంటున్నాను. ‘పడవల గ్రహం’ అనే కథ నాది. వాళ్ళు వేస్తున్న పుస్తకంలో దాని కింద నా పేరు పడాలి. కేసు ఇంతే.

నాకు చదవడం, రాయడం రాదు. నేను చెబుతుంటే నా కోడలు అరుణజ్యోతి రాస్తోంది. బడిలో తెలుగు చెప్పే పంతులమ్మ. నేను మాట్లాడినట్టే రాయమంటే ఒప్పుకోలేదు.

“పుస్తకం బాసలో రాస్తానత్తా. నేకపోతే రేపు ఎవులు సదివినా నవ్వుతారు” అంది.

ఎవరు చదువుతారు? ఎవరూ చదవరు. ఇది నా కోసం. నా మాట ఒకచోట నిలబడి ఉంటే నాకు నిద్ర పడుతుంది.

రాయడం మొదలుపెట్టాక ఈ పిల్ల నోరు మెదపదు. రాయి, మాట్లాడకు అని నా కొడుకు చెప్పి ఉంటాడు. ఇది కూడా రాయి.

పొద్దున్నే ఎదురింటి ఒడియావాళ్ళు చెరువుదాకా వెళ్ళలేక నీళ్ళ తొట్టెలోనే అరటిదొప్ప పడవలు వదిలారు. దీపాలతో బాగానే ఉన్నాయి. ఈ మధ్య పడవ కనబడితే నాకు ఒళ్ళు మండుతోంది.

నవంబర్ 6

మొదటినుంచీ చెబుతాను, ఎవరూ అడ్డు రాకుండా.

మా ఆయన రైల్వేలో గుమస్తా. ఆయనకు ఆకాశం పిచ్చి. ‘గగన దీపిక’ అని నెలకొక పత్రిక పెట్టాడు. సగం సైన్సు, సగం సైన్సు కథలు. బరంపురంలో ఉన్న తెలుగువాళ్ళకు సైన్సు పత్రికేమిటని అందరూ నవ్వారు. గేట్ బజార్ సందులో, బట్టల కొట్టు వెనక, కాలితో తొక్కే ప్రెస్సు ఉండేది. అప్పలరాజు అనే ఆయన సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేజీ కూర్చేవాడు. అక్కడ పుట్టి అక్కడే పోయింది పత్రిక. పుట్టినప్పుడు నా కొడుకు చంకలో ఉన్నాడు. పోయేసరికి వాడికి మీసాలు వస్తున్నాయి.

గ్రహణం వచ్చిన ఏడు, గ్రహణం పట్టినప్పుడు తింటే ఏమీ కాదని అచ్చు వేసి, చందాదార్లను గోపాల్‌పూర్ ఒడ్డుకు పోగేశాడు. అక్కడ ఇసుకలో పొయ్యి పెట్టి పకోడీలు వేసింది నేను. దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే వేశాను. ఒక్కరికీ కడుపునొప్పి కూడా రాలేదు. తర్వాతి సంచికలో గ్రహణం గురించి రాశాడు, చందాదార్ల ధైర్యం గురించి రాశాడు. పకోడీల మాట లేదు. అది సరే, పోనీ.

ఆ పత్రికకు ఒక పద్ధతి ఉండేది. సైన్సు వ్యాసం ఏది వచ్చినా అచ్చుకు వెళ్ళే ముందు వంటింట్లో పీట వేసుకుని నాకు చదివి వినిపించేవాడు. నేను ఊ కొట్టాలి. నా ఊ ఎక్కడ ఆగితే అక్కడ పెన్సిలుతో గీత పెట్టి మళ్ళీ రాసేవాడు. పెద్ద పెద్ద చదువులవాళ్ళ వ్యాసాలు కూడా నా ఊ దాటి వెళ్ళాయి.

కథ దగ్గర అది తిరగబడేది. చెప్పేది నేను, ఊ కొట్టేది ఆయన. నేను పప్పు రుబ్బుతూ చెబితే ఆయన ఊ కొడుతూ రాసుకునేవాడు. ఒక గ్రహం. దానికి రెండు చందమామలు. ఒక చందమామ దారి తప్పి వెళ్ళిపోతే సముద్రం దాని వెంట పడి వెళ్ళిపోయింది. ఒడ్డున పడవలు మిగిలాయి, పడవలవాళ్ళు మిగిలారు. కాసులు అనే పిల్ల పడవకు చక్రాలు బిగించి, ఎండిపోయిన ఇసుక మీద సముద్రాన్ని వెతుక్కుంటూ బయలుదేరింది. మా అయ్య గోపాల్‌పూర్‌లో హోటలు కాపలా. నేను పుట్టి పెరిగింది ఆ పడవల మధ్య. మా ఆయనకు రేవు దగ్గర నిలబడితేనే తల తిరిగేది. ఆలోచించుకోండి, కథ ఎవరిదో.

నెల నెలా ‘రచన: శ్యామసుందరరావు’ అని పడేది. ఒకసారి అడిగాను.

“నీ పేరేస్తే సైన్సు పత్రికనుకోరే, వంటల పత్రికనుకుంటారు” అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇప్పుడు నవ్వు రావడం లేదు.

కాసులు దూరంగా తడి గీత చూసిన దగ్గర కథ ఆగింది. ప్రెస్సు మూసేశారు. సీసపు అక్షరాలు కరిగించడానికి తూకానికి పోయాయి. ఆఖరి భాగం అచ్చు కాలేదు. పోయినేడు మా ఆయన కూడా పోయాడు.

నవంబర్ 7

చెప్పడం మరిచాను. గొడవ ఎలా వచ్చిందంటే, తెలుగు సంఘంవాళ్ళు ‘గగన దీపిక’ చరిత్రను పుస్తకంగా వేస్తున్నారు. ‘పడవల గ్రహం’ మొత్తం మళ్ళీ అందులో వేస్తారట. రాస్తున్నది శివరామకృష్ణ, కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాడు. మంచివాడే. దీపావళి వెళ్ళాక వచ్చి, తాను రాసిన అధ్యాయం నాకు చదివి వినిపించాడు.

ఆ కథలో అక్కడక్కడ ఒక లైనులో ‘ఊ’ అని ఒక్కటే అక్షరం ఉంటుందట. నాకు ఇన్నాళ్ళూ తెలియదు, చదవలేను కదా. దాని మీద సగం అధ్యాయం రాశాడు. అది దూర నక్షత్రాలనుంచి వచ్చే సంకేతమట. ఇలాంటి ప్రయోగం తెలుగులో ఎవరూ చేయలేదట.

నేను పగలబడి నవ్వాను.

“ఏమిటమ్మా?” అన్నాడు.

“అది నచ్చత్రాల కాణ్ణించి రానేదు బాబూ. పీట మీంచి ఒచ్చింది. నాను కత సెప్తంటే ఆయన కొట్టిన ఊ అది. రాసుకుంటూ దాన్ని కూడా రాసీసినాడు.”

అతని ముఖం చూడాలి. ముందు నవ్వాడు. తర్వాత నా మాట అర్థమై నవ్వు ఆపేశాడు. “అంటే కథ మీరు చెప్పారా?” అన్నాడు. చెప్పాను అన్నాను. “ఆధారం ఉండాలి కదమ్మా” అన్నాడు. అప్పటినుంచి ఈ ఇంట్లో మాటలు తగ్గాయి.

నవంబర్ 8

కొడుకు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చారులో ఉప్పు లేదని కోడలితో నాకు చెప్పించాడు.

నవంబర్ 9

ఇవాళ మాట్లాడాడు.

“నాన్నని దొంగని సేత్తన్నావమ్మా. బతికున్నన్నాళ్ళూ ఒక్క ముక్క అననేదు. పుస్తకం ఒస్తాదనగా లెగిసేవా?”

“దొంగన్నానేటిరా? నా పేరెయ్యమన్నాను. ఆయన పేరు కొట్టీమన్నానా?”

“రెండూ ఒకటేనమ్మా.”

“ఒకటైతే నాదే ఎయ్యి.”

కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. వాడికి వాళ్ళ నాన్నంటే ప్రాణం. నాకు లేదా? యాభై ఏళ్ళకు పైన కాపురం చేసింది నేను. ఆయన బట్టలు ఇంకా ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఆ మాట వాడికి చెప్పను.

నవంబర్ 10

శివరామకృష్ణ ఫోను చేశాడు. కృతజ్ఞతల పేజీలో నా పేరు వేస్తాడట. ‘రచయిత సతీమణి, ఆయనకు అడుగడుగునా ప్రేరణ’ అని.

“పేరణంటే ఏటి బాబూ? గిన్నెలు తోమడమా?”

“అలా కాదమ్మా. ఇదివరకు ఎక్కడా మీ పేరు లేదు. నేను ఏ ఆధారంతో వేయను? రేపు ఎవరైనా అడిగితే?”

అప్పుడు నా నోటినుంచి వచ్చేసింది.

“ఆకరి బాగం నా కాడుంది. అచ్చుకానిది. నా పేరెయ్యి, సెప్తాను. నేకపోతే నాతో పాటే పోతాది.”

ఆ ముగింపు కోసం చందాదార్లు ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాశారు. ఈ శివరామకృష్ణ కుర్రతనంలో, మూసేసిన ప్రెస్సు దాకా సైకిలు మీద వచ్చి అడిగి వెళ్ళేవాడట. గొంతు మారిపోయింది. ఆదివారం వస్తామన్నాడు. నేను చెప్పింది పాతదానితో అతికితే నా పేరు వేస్తామన్నాడు. అతకకపోతే ఇక ఆ మాట ఎత్తకూడదన్నాడు.

సరే అన్నాను. ఎవరికి భయం?

నవంబర్ 12

ముగింపు నాకు తెలుసు. ఇక్కడ రాయించను. ఆదివారం దాకా నా దగ్గరే ఉంటుంది.

నవంబర్ 13

ముగింపు నాకు బాగా తెలుసు. గొంతులోనే ఉంది.

నవంబర్ 15

రేపు. జ్యోతి ఇస్త్రీ చేసిన చీర తెచ్చి మంచం మీద పెట్టింది. నా కొడుకు రేపు ఎక్కడికైనా పోతే బాగుండును. పోడు.

ముగింపు తెలుసు. కాసులు సముద్రం దగ్గరికి వెళుతుంది. అది కాదు ముగింపు. దాని తర్వాతది.

నవంబర్ 16, ఆదివారం

వచ్చారు. శివరామకృష్ణ, సంఘం పెద్దలు ఇద్దరు. కుర్చీలు వేశారు. టీపాయి మీద ఫోను పెట్టి, ఎర్ర చుక్క వెలిగించారు. నా గొంతు అందులోకి వెళుతుందన్నారు.

మొదలుపెట్టాను. “కాసులు పడవ దిగింది” అన్నాను.

ఎవరూ ఏమీ అనలేదు. చేతులు కట్టుకుని, తలలు వంచుకుని, గుడిలో కూర్చున్నట్టు కూర్చున్నారు. నా మీద గౌరవమట. నేను ఆగాను. వాళ్ళూ ఆగారు. “తడి గీత దగ్గిరికి నడిసింది” అన్నాను. మళ్ళీ నిశ్శబ్దం. ఫ్యాను తిరుగుతోంది. ఎర్ర చుక్క నన్నే చూస్తోంది. నడిచింది, తర్వాత? నడిచింది అని మళ్ళీ అన్నాను. మూడోసారి కూడా అదే అన్నాను.

“తొందర లేదమ్మా” అన్నాడు శివరామకృష్ణ. ఆ మాటతో మరీ పోయింది.

అప్పుడు నా కొడుకు లేచాడు. “పెద్దదైపోయింది సార్. మతిమరుపు. ఒగ్గీండి” అన్నాడు. వాళ్ళకు టీ ఇచ్చాడు. నాకు కూడా ఇచ్చాడు, చక్కెర కలిపి, పిల్లలకు ఇచ్చినట్టు చల్లార్చి.

తాగలేదు.

నవంబర్ 17

ఏమీ లేదు.

నవంబర్ 18

ముగింపు నాకు తెలియదు. ఈ ముక్క రాయకు.

రాసేసింది. కొట్టెయ్యమన్నాను.

“నా రాతలో కొట్టివేతలుండవత్తా” అంది. పెన్ను పట్టుకుని ఉండగా నోరు విప్పడం ఇదే మొదలు.

సరే, ఉండనీ. నాకు ముగింపే కాదు, ఏ నెల కథా ముందు తెలిసేది కాదు. రోలు ముందు కూర్చునేదాన్ని. ఒక మాట అనేదాన్ని. ఆయన ఊ అనేవాడు. ఆ ఊ పట్టుకుంటే తర్వాతి మాట వచ్చేది. ఊ లేకుండా నేనెప్పుడూ కథ చెప్పలేదు. ఎవరు చెబుతారు అలా? గోడకు చెబుతారా? ఫోనుకు చెబుతారా?

ఇన్ని చదువులు చదివారు. ముగ్గురు వచ్చారు. ఒక్కడికైనా ఊ కొట్టాలని తోచలేదు.

నవంబర్ 20

అప్పలరాజు బతికే ఉన్నాడని జ్యోతి ఎక్కడో కనుక్కుంది. గేట్ బజార్‌లోనే, ప్రెస్సు ఉన్న సందుకు రెండో సందులో కూతురింట్లో ఉన్నాడు. ఆటోలో వెళ్ళాం. ఆ జనంలో, ఆ మూటల మధ్య నా చేయి పట్టుకుని నడిపించింది. మొగుడికి చెప్పి వచ్చిందో లేదో అడగలేదు.

అతనికి చూపు పోయింది. గొంతు పట్టి గుర్తుపట్టాడు.

“వొదినమ్మా! మీ పకోడీలు తిన్న నోరు ఇది. ఇప్పుడు దీంట్లో పళ్ళు నేవు.”

“పళ్ళు నేకపోతే నేదు గానీ, ఒక మాట సెప్పు. కతలో ఆ ఊలు ఏటి? నువ్వు పెట్టేవా, ఆయన పెట్టేడా?”

“నానెందుకు పెడతానమ్మా? కాగితంలో ఉంటే కూర్సేను. మొదటి నెల తెలీక కూర్సీసేను. రెండో నెల అడిగేను. ఏటండీ ఇవి, పొరపాటున రాసేరా, తీసీమంటారా అని. ఆయన గేలీ, అదే తప్పులు దిద్దే అచ్చుకాయితం, పట్టుకొని శానాసేపు సూసేరు. ‘ఉంచు అప్పలరాజూ. ఈ కతలో నాదంటూ ఉన్నది ఆ ముక్కొకటే’ అన్నారు.”



“మరి ఇన్నాళ్ళూ ఎవులికీ సెప్పవేటి తాతా?” జ్యోతి అడిగింది.

“ఎవులడిగేరమ్మా? వొదినమ్మకి తెల్సనుకున్నాను.”

నాకు తెలియదు. ఎవరు చదివి పెట్టారు నాకు? అచ్చయింది ఆయనెప్పుడూ చదివి వినిపించలేదు. నువ్వు చెప్పిందే కదే అనేవాడు.

తిరుగు ప్రయాణం కూడా ఆటోలోనే. గోతిలో పడి ఆటో ఎగిరితే గట్టిగా తిట్టాను. డ్రైవరు తననే అనుకుని వెనక్కి చూశాడు. నేను తిట్టింది మా ఆయన్ని. ప్రెస్సులో చెప్పిన మాట ఇంట్లో చెబితే ఏం పోయింది?

నవంబర్ 21

జ్యోతి మొగుడికి చెప్పింది. గోడ అవతలనుంచి విన్నాను.

“కళ్ళు కనపడని ముసిలోడు ఏదో అంటాడు” అన్నాడు.

“మీ నాన్న అన్న మాట అది. ఆయన దొంగైతే ఆ ఊలెందుకు ఉంచుతాడు?” అంది. ఈ పిల్లకు ఇంత గొంతు ఉందని నాకు తెలియదు.

శివరామకృష్ణకు కూడా ఫోను చేయించాను. విన్నాడు. “నమ్మాలనే ఉందమ్మా. కానీ బుధవారం పుస్తకం ప్రెస్సుకు పోతుంది. ఒక ముసలాయన మాట మీద చరిత్ర మార్చలేను కదా” అన్నాడు.

“ఆదివారం రా. ఒక్కడివే రా. ఆ ఫోను బైట అరుగు మీద పెట్టీసి రా” అన్నాను.

నవంబర్ 23, ఆదివారం

వంటింట్లో రుబ్బురోలు లేదు, మిక్సీయే. చిక్కుళ్ళు ముందు వేసుకుని కింద కూర్చున్నాను. శివరామకృష్ణకు పీట వేయించాను. మోకాళ్ళ నొప్పి అన్నాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

“నాను సెప్తాను. నువ్వు ఊ కొట్టాలి.”

“నేనా?”

“మరి నానే సెప్పి నానే కొట్టుకోనా?”

గొంతు సవరించుకుని “ఊ” అన్నాడు.

“క్లాసులో హాజరు పలికినట్టు కాదు బాబూ. తరవాతేటవుద్దో అని కొట్టాలి.”

మొదలుపెట్టాను. కాసులు పడవ దిగింది. ఊ. తడి గీత దగ్గరికి నడిచింది. ఊ. వెళ్ళి చూస్తే అది సముద్రం కాదు. సముద్రం ఈడ్చుకుంటూ పోయిన కొంగు. ఊ. ఆ తడి పట్టుకుని పడవను లాగింది. చక్రం విరిగింది. రెండోది కూడా విరిగింది. ఊ. పడవను వదిలేద్దామనుకుంది. వదలలేదు, నెత్తిన పెట్టుకుంది. పెద్ద పడవే, కానీ ఆ గ్రహం మీద బరువులు తక్కువ, మొదట్లోనే చెప్పాను. ఊ, ఊ, అవునవును అన్నాడు శివరామకృష్ణ. అవునవునులు వద్దు, ఊ ఒక్కటి చాలు అన్నాను.

అతని మోకాళ్ళు పీట దిగి నా వైపు జరిగాయి. చిక్కుళ్ళు అయిపోయాయి. ఒలిచిన తొక్కలే మళ్ళీ చేతిలోకి తీసుకుని చెబుతున్నాను. రెండు కొండల మధ్య సముద్రం పడుకుని ఉంది. జబ్బు చేసిన ఆవులా, పక్కటెముకలు లేస్తూ పడుతూ. ఊ. వదిలేసి పోయిన చందమామ దానికీ కనబడడం లేదు. ఊ. కాసులు పడవ దించి, దగ్గరికి వెళ్ళి, ఒక కాలు అందులో పెట్టింది. వెచ్చగా ఉంది. సముద్రం కళ్ళు తెరిచింది.

అని ఆపేశాను.

“తరవాతేటి?”

అడిగింది శివరామకృష్ణ కాదు. గుమ్మంలో నా కొడుకు. ఎప్పుడు వచ్చాడో, భుజం గుమ్మానికి ఆనించి నిలబడ్డాడు, చిన్నప్పుడు రోలు పక్కన నిలబడినట్టు.

“తరవాతా? నా పేరు అచ్చులో పడ్డాక” అన్నాను.

వాడు తల దించుకున్నాడు. శివరామకృష్ణ వెనక్కి పీట మీదికి జరిగాడు. “ఆ ఊ మీద నేను సగం అధ్యాయం రాశానమ్మా” అన్నాడు.

“సింపీ బాబూ, ఆ కాయితాలు.”

నవంబర్ 25

అచ్చుకు పోయే పేజీ తెచ్చారు. జ్యోతి చేయి చాపింది. నా కొడుకు ఇవ్వలేదు. తానే చదువుతానన్నాడు.

“పడవల గ్రహం. చెప్పినది మహాలక్ష్మమ్మ. ఊ కొట్టి రాసుకున్నది శ్యామసుందరరావు.”

మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివాడు. ఏది నా పేరు అన్నాను. నా వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. పొడుగ్గానే ఉంది నా పేరు. ఆయన పేరు ఇంకా పొడుగు. పోనీలే.

“నాన్న నవ్వుతారమ్మా ఇది సూస్తే” అన్నాడు.

“నవ్వనీ.”

వెళ్తూ శివరామకృష్ణ గుర్తుచేశాడు. రేపే ప్రెస్సుకు పోతుంది. ఆఖరి భాగం రేపు పొద్దున్నకల్లా ఇవ్వాలి.

ఇస్తానన్నాను. సముద్రం కళ్ళు తెరిచాక ఏమవుతుందో నాకు తెలియదు. జ్యోతికి తెలుసు నాకు తెలియదని. డైరీ తీసుకుని వచ్చి, కుర్చీ వదిలేసి, నా ముందు పీట మీద కూర్చుంది.

రాయి.

సముద్రం కళ్ళు తెరిచింది. ఎవరే నువ్వు అంది. నీ ఒడ్డునుంచి వచ్చాను, ఇంటికి రా అంది కాసులు.

ఊ.

దారి తెలియదంది సముద్రం. తలెత్తి చందమామను చూస్తూ వచ్చేశాను, కింద చూసుకోలేదు అంది.

ఊ.

నేను ముందు నడుస్తాను, నువ్వు నా వెనక రా అంది కాసులు. కానీ నువ్వు ఇంతున్నావు, తిరిగి చూస్తే నాకు భయం. అందుకని చూడను. దారంతా నీకు కథ చెబుతాను. నువ్వు పలుకుతూ రా. నీ పలుకు ఆగిందంటే నువ్వు ఆగిపోయావని తెలుసుకుంటాను.

ఊ.

ఏం కథ అంది సముద్రం. నీ కోసం పడవలు కడిగి పెట్టుకుని కూర్చున్నవాళ్ళ కథ అంది కాసులు. పడవ నెత్తికెత్తుకుని నడక మొదలుపెట్టింది. నడిచింది. వెనక్కి చూడలేదు. పొడి ఇసుక. కాళ్ళు కాలుతున్నాయి. ఒకచోట కాలలేదు. చూసుకుంటే మడమల దాకా తడి.

ఊ.

జ్యోతీ, వాటిని కూడా రాసేత్తన్నావేటే?

ఊ.